కాకిపిల్ల కాకికి ముద్దేనా? ఫిన్లండ్ హారర్ ‘పహన్‌హౌతోయా’ (2022) చూసినవాళ్ళు రండి

పాతరీలు | శనివారం ఉదయం 9:12

నిన్న రాత్రి పదకొండింటికి మొదలుపెట్టాను, గంటన్నరలో అయిపోయింది. మూడింటిదాకా నిద్ర పట్టలేదు. ఇంగ్లీషులో ‘హ్యాచింగ్’ అని వెతకండి, దొరుకుతుంది. తీసింది హన్నా బెర్గ్‌హోల్మ్, ఆమెకిదే మొదటి పూర్తి నిడివి సినిమా. రాసింది ఇల్యా రౌత్సి. 2022 జనవరిలో అమెరికాలోని సండాన్స్ చిత్రోత్సవంలో మొదటిసారి వేశారు. అదే నెల ఫ్రాన్స్‌లోని జెరార్మే ఉత్సవంలో పెద్ద బహుమతి కూడా వచ్చింది.

మొదటి ఇరవై నిమిషాల కథే చెబుతాను. ఒక చక్కటి ఇల్లు. గులాబీపూల వాల్‌పేపర్, గాజు షాండిలియర్, ఎక్కడి వస్తువు అక్కడే. తల్లి ఇంట్లోవాళ్ళందరినీ సోఫాలో కూర్చోబెట్టి ‘మా ఇంటి రోజువారీ జీవితం’ లాంటి వీడియో తీస్తూ ఉంటుంది. కూతురు తిన్యాకి పన్నెండేళ్ళు, జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. అంతలో కిటికీకి ఏదో కొట్టుకుంటుంది. తలుపు తీస్తే కాకి లోపలికొచ్చి గ్లాసులూ కూజాలూ పగలగొట్టి, చివరికి షాండిలియర్ కూడా కూల్చేస్తుంది. తిన్యా దాన్ని గుడ్డలో పట్టి, వదిలేద్దామనుకుని తల్లికి అందిస్తుంది. తల్లి నవ్వుతూనే తీసుకుంటుంది. నవ్వుతూనే మెడ తిప్పేస్తుంది. “చెత్త డబ్బాలో వేసిరా తల్లీ” అన్నంత మామూలుగా కూతురి చేతిలో పెడుతుంది.

ఆ చిన్న ‘కటుక్కు’కే నేను ఇయర్‌ఫోన్స్ పీకేశాను.

ఆ రాత్రి పక్షి అరుపు వినబడుతుంది. తిన్యా అడవిలోకి వెళ్ళి చూస్తే కొనఊపిరితో ఉంటుంది. పక్కన ఒక గుడ్డు. పక్షిని తనే రాయితో కొట్టి చంపి, గుడ్డు ఇంటికి తెచ్చుకుని పొదగడం మొదలుపెడుతుంది. ఇంతవరకే.

నా ప్రశ్న ఒకటే. ఇందులో దెయ్యం ఎవరు?

నిమ్మసోడా | శనివారం ఉదయం 10:03

అన్నా, నేను కూడా జూసిన. నిజం చెప్తున్న, భయం ఏడుంది? గుడ్డు పగిలి గా పిట్ట బయటికొచ్చినప్పుడు నాకు నవ్వొచ్చింది. తడిసిన కోడిపిల్లకు మనిషి కండ్లు పెట్టినట్టుంది. రాత్రి పన్నెండుకు లైట్లు బంద్ జేసి మస్తు తయారై కూసున్న, మా తమ్ముడు మధ్యలనే పండుకున్నడు.

బొమ్మలాట | శనివారం ఉదయం 11:20

@నిమ్మసోడా, ఆ కోడిపిల్ల గురించి నేను రెండు ముక్కలు చెప్పాలి. హైదరాబాద్‌లో గ్రాఫిక్స్ స్టూడియోలో పొట్ట పోసుకునేవాణ్ణి కాబట్టి కడుపుమంట అనుకోండి.

అది కంప్యూటర్‌లో పుట్టింది కాదు. ఆడించే బొమ్మ. లోపల మోటార్లు, బయట కొందరు ఆపరేటర్లు. తయారు చేసింది గుస్తావ్ హోగెన్, స్టార్ వార్స్ కొత్త సినిమాల్లో ప్రాణులకి కదలిక ఇచ్చిన మనిషి. తర్వాతి దశల్లో ఆ ప్రాణి మెల్లగా అమ్మాయిలా మారేటప్పుడు ముఖం మీద చేసిన మేకప్ కానర్ ఓ సలివన్‌ది. తక్కువ బడ్జెట్ ఫిన్లండ్ సినిమాకి అంతటివాళ్ళు ఎలా దొరికారా అనుకున్నాను. ఈ పనిలో ప్రపంచంలో ఎవరు గొప్పో ఇంటర్నెట్‌లో వెతికి, నేరుగా రాశానని దర్శకురాలే ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. మన దగ్గర ఎవరైనా అలా చేస్తే బాగుండు.

మీకు నవ్వొచ్చిందన్న చోటికి వద్దాం. ఆ తడి, ఆ బంక, ఈకలు ఒంటికి అతుక్కుపోవడం చూశారా? గ్రాఫిక్స్‌లో తడి చేయించండి, మా వాళ్ళు రాత్రుళ్ళు ఏడుస్తారు. ఇక్కడ ఆ పిల్ల తన చేతులతో నిజంగా ఆ జిగటని ముట్టుకుంటోంది, తొట్టిలో స్నానం చేయిస్తోంది. వేళ్ళ కింద చర్మం కదులుతుంది. చూసేవాడి కన్ను అది పట్టేస్తుంది. అసహ్యం, జాలి ఒకేసారి పుట్టాలి, అందుకే అంత వికారంగా, అంత పసిగా చేశారు. నాకైతే భయం వేయలేదు, ఎత్తుకోవాలనిపించింది. భయం అక్కడే ఉంది.

నిమ్మసోడా | శనివారం ఉదయం 11:31

సరే అన్నా, ఎత్తుకో నువ్వే 😄 గా పిట్ట కుక్కపిల్లను చంపి తెచ్చి మంచం మీద పెడ్తది.

నిర్వాహకుడు | శనివారం ఉదయం 11:40

ఇకమీదట కథ విప్పేవాళ్ళు పైన ‘కథ ఉంది’ అని రాయండి. కుక్కపిల్ల సంగతి ఎలాగూ బయటపడింది కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

ఎస్పూ_చలి | శనివారం మధ్యాహ్నం 2:48

ఫిన్లండ్ నుంచి. ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళు, భాష ఇంకా పూర్తిగా లొంగలేదు కానీ పేరు సంగతి చెప్పగలను. ‘పహా’ అంటే చెడు, కీడు. ‘హౌతోయా’ అంటే పొదిగేది. కీడుని పొదిగే మనిషి. ఇంగ్లీషు పేరులో పొదగడం మిగిలింది, కీడు ఎగిరిపోయింది. పొదుగుతున్నది కూతురా, తల్లా అన్న అనుమానం ఫిన్నిష్ పేరులోనే ఉంది.

ఇంకొకటి. ఇక్కడ ‘అర్కి’ అని ఒక మాట చాలా వాడతారు. పండగ కాని రోజు, మామూలు రోజు. సోమవారం, బంగాళదుంపలు, తడి బూట్లు, పిల్లల్ని డేకేర్‌లో దింపడం, అదంతా అర్కి. దాని గురించి గొప్పలు చెప్పుకోవడం వీళ్ళ స్వభావం కాదు. డబ్బున్నవాడు కూడా పాత వోల్వోలో తిరుగుతాడు. అలాంటి చోట ఈ తల్లి తన అర్కికి గులాబీరంగు వేసి ప్రపంచానికి చూపిస్తోంది. మనకి అది యూట్యూబ్‌లో రోజూ చూసే హోమ్‌టూర్. ఇక్కడివాళ్ళకి అదే మొదటి అపశకునం. నాతో చూసిన ఆఫీసు స్నేహితురాలు కాకి రాకముందే “ఈ ఇల్లు నాకు భయంగా ఉంది” అంది.

బయటి దృశ్యాలు చూసి మా వీధే అనుకున్నా. తీరా షూటింగ్ లాట్వియాలో చేశారట.

కర్నూలోడు | శనివారం సాయంత్రం 5:15

కథ ఉంది.

అందరూ అమ్మనే తిడతాండారు. ఏమప్పా, ఆ నాయన గురించి ఒక్కరూ మాట్లాడరే? గిటార్ పట్టుకుని గదిలో కూర్చుంటాడు. కూతురి పక్కమీద రక్తం చూసి, ఏదో పెద్దమనిషి అయిందేమోనని సిగ్గుపడి తలుపేసుకుని పోతాడు. పెళ్ళానికి వేరే మనిషి ఉండాడని తెలుసు, తెలిసీ కూతురితో “అమ్మకి సంతోషంగా ఉంటే చాలు” అన్నట్టు మాట్లాడతాడు. మంచోడే. అరవడు, కొట్టడు. ఏమీ చెయ్యడు. ఆ ఇంట్లో మా యప్ప ఒక ఫర్నిచర్.

ఇట్లాంటి నాయన్లు మన దగ్గర లేరా? “మీ అమ్మనడుగు” అనే మాటతో ఇరవై ఏళ్ళు సంసారం లాగినోళ్ళు మా వీధిలోనే పదిమంది ఉండారు.

పాతరీలు | శనివారం సాయంత్రం 6:02

@కర్నూలోడు, మంచి దెబ్బ కొట్టారు. నాకింకొకటి తట్టింది. అమ్మకీ నాన్నకీ పేర్లే లేవు. పిల్లలకి ఉన్నాయి, అమ్మ ప్రియుడు తెరోకి ఉంది, అతని పసిపాపకి ఉంది, ఆఖరికి ఆ పక్షికీ ఉంది. టైటిల్స్‌లో కూడా వీళ్ళు అమ్మ, నాన్న, అంతే.

ఇద్దరుపిల్లలతల్లి | శనివారం రాత్రి 10:37

కథ ఉంది. కాస్త పెద్దగా రాస్తాను, ఏమీ అనుకోకండి.

నేను హారర్ సినిమాలు చూడనండి. మావారు క్రికెట్‌కి అంటుకుపోతే, ఇక్కడ మీరంతా అంటున్నారని పెట్టాను. పక్షికి నేను భయపడలేదు. ఒక్క దృశ్యానికి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. రాత్రిపూట జిమ్‌లో అందరూ వెళ్ళిపోయాక, తిన్యా బార్ మీద తిరిగి తిరిగి అరచేతులు చిట్లిపోయినా తల్లి ఇంకోసారి చెయ్యమంటుంది చూడండి, అక్కడ. ఆవిడ అరవదు. గొంతు తియ్యగా ఉంటుంది. అదే గొంతు నాది.

మా పెద్దమ్మాయికి పదమూడు. ఆరేళ్ళప్పటి నుంచి కూచిపూడి. టీచరుగారు పోటీకి తీసుకెళతానంటే నేనే ముందు ఎగిరాను. మూడు నెలలు తెల్లవారుజామున అయిదింటికి లేపి అడవులు (నాట్యంలో అడుగుల సాధన) వేయించాను. కాలి బొటనవేలి దగ్గర చర్మం లేచిపోతే పసుపు రాసి, మళ్ళీ నిలబెట్టాను. నెగ్గలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అది నాకు సారీ చెప్పిందండి. అప్పుడు “పర్లేదులేరా” అన్నానే గానీ, అది ఎందుకు సారీ చెప్పిందని ఆలోచించలేదు. ఇవాళ ఆలోచించాను.

ఆ తల్లి ఒకప్పుడు ఐస్ మీద స్కేటింగ్ చేసేదట, దెబ్బ తగిలి ఆగిపోయిందట. కాలి మీద మచ్చ చూపిస్తారు. నా చిన్నప్పుడు మా నాన్నగారు డాన్సు మాన్పించారు. మచ్చ పైకి కనబడదు, అంతే తేడా.

నిమ్మసోడా | శనివారం రాత్రి 10:52

అక్కా… నేను పొద్దున నవ్విన ముచ్చట వాపస్ తీసుకుంటున్న.

కర్నూలోడు | శనివారం రాత్రి 11:10

అమ్మా, మీరు సినిమాలో ఆమె కాదు. ఆమె అయింటే ఇది రాసేదే లేదు.

ఇద్దరుపిల్లలతల్లి | శనివారం రాత్రి 11:18

అలా సర్దిచెప్పకండి. సగం ఆవిడే.

బొమ్మలాట | ఆదివారం ఉదయం 8:30

కథ ఉంది.

గుడ్డు పెరగడం గమనించారా? తిన్యా ముందు దిండు కింద దాచుతుంది. తర్వాత టెడ్డీబేర్ పొట్ట కోసి అందులో పెడుతుంది. ఏడ్చినప్పుడు కన్నీటి చుక్క పెంకు మీద పడితే గుడ్డు దాన్ని పీల్చేసుకుంటుంది. అంటే ఆ గుడ్డుకి మేత ఏడుపే. ఆ ఇంట్లో ఏడవడానికి వీల్లేదు కదా, కెమెరా ఉంటుంది. ఇంకెక్కడ ఏడుస్తుంది పిల్ల?

పొదిగాక తిండి ఇంకా ఘోరం. గింజలు తను నమిలి, మింగి, కక్కి పెడుతుంది. పక్షులు నిజంగా అలాగే మేపుతాయి కాబట్టి కథలో సరిపోయింది. కానీ బాత్రూంలో ఒంటరిగా కక్కుకునే జిమ్నాస్టు పిల్ల అంటే ఇంకో అర్థం కూడా ఉంది. బరువు పెరగకూడదని తిన్నది తిన్నట్టు కక్కేసే జబ్బు. ఆ మాట సినిమాలో ఎవరూ అనరు. అనకపోవడమే బాగుంది.

తిన్యాగా, ఆ రెండో రూపంగా రెండిట్లోనూ చేసింది ఒకే అమ్మాయి, సీరీ సొలాలిన్నా. ఆమెకిదే మొదటి సినిమా. పన్నెండేళ్ళ పిల్ల చేత ఒకే ముఖంతో అణకువ, ఆకలి రెండూ పలికించడం మాటలు కాదు. తల్లిగా చేసిన సోఫియా హైక్కిలా నవ్వు గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఎస్పూ_చలి | ఆదివారం మధ్యాహ్నం 1:25

పక్షికి పెట్టిన పేరు ‘అల్లి’ కదా. వినగానే మీకు అల్లిబిల్లి గుర్తొచ్చి ఉంటుంది, నాకూ అంతే. ఫిన్నిష్‌లో అల్లి అంటే చల్లటి సముద్రంలో ఈదే ఒక బాతు. ఆడపిల్లల పేరు కూడా. 1840లో ఎలియాస్ లోన్‌రోత్ అచ్చువేసిన ‘కంతెలెతార్’ అనే జానపద గేయాల పుస్తకంలో ఒక పాటుంది. చన్నీళ్ళలో ఈదే అల్లి మనసు దిగులుగా ఉంటుంది, ఊరి వీధిలో నడిచే దిక్కులేనిదాని మనసు అంతకన్నా దిగులుగా ఉంటుందని దాని భావం. ఇక్కడ స్కూలు పిల్లలకి కూడా తెలిసిన పాట. నా స్నేహితురాలు ఆ పేరు వినగానే “ఓహ్” అని ఊరుకుంది. అడిగితే ఈ పాట చెప్పింది.

గుడ్డు సంగతి కూడా. వీళ్ళ ఇతిహాసం ‘కలేవల’లో సృష్టే గుడ్డులోంచి మొదలవుతుంది. నీళ్ళలో తేలుతున్న గాలికన్య ఇల్మతార్ మోకాలి మీద ఒక బాతు గూడు కట్టి గుడ్లు పెడుతుంది. ఆరు బంగారంవి, ఏడోది ఇనుముది. వేడికి ఆమె మోకాలు కదిపితే గుడ్లు నీళ్ళలో పడి పగిలిపోతాయి. కింది పెంకు నేల, పై పెంకు ఆకాశం, పచ్చసొన సూర్యుడు, తెల్లసొన చంద్రుడు.

పాతరీలు | ఆదివారం మధ్యాహ్నం 2:10

మన బ్రహ్మాండంలోనూ అండమే ఉంది కదా. రోజూ “సినిమా బ్రహ్మాండం” అంటూనే ఉంటాం, గుడ్డు అని గుర్తుండదు. ఈ సినిమాకి ఆ మాట రెండు రకాలుగా సరిపోతుంది.

కర్నూలోడు | ఆదివారం మధ్యాహ్నం 2:41

మా అవ్వ ఉండింటే కాకి కిటికీ కొట్టినప్పుడే చెప్పేది, చుట్టం వస్తాందని. ఆ కాకి మెడ తిప్పడం చూసింటే టీవీ ఆపేసి తలంటుకునేది. మాకు కాకి అంటే పోయినోళ్ళు. పిండం పెట్టి కాకి ముట్టకపోతే మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి, “పిల్ల పెళ్ళి చేస్తాం, అప్పు తీరుస్తాం” అని మాటిచ్చినోళ్ళం మేము.

ఎస్పూ_చలి | ఆదివారం మధ్యాహ్నం 3:05

@కర్నూలోడు, భలే చోటికి తీసుకొచ్చారు. వీళ్ళకీ పాతకాలంలో ‘సియెలులింతు’ అని నమ్మకం ఉండేది, ప్రాణపక్షి అనొచ్చు. పుట్టేటప్పుడు ప్రాణాన్ని ఒక పక్షి తెస్తుంది, పోయేటప్పుడు పక్షే తీసుకెళుతుంది. నిద్రలో ప్రాణం దారి తప్పకుండా మంచం పక్కన చెక్కపిట్టని పెట్టుకునేవారట. దర్శకురాలు ఇవన్నీ మనసులో పెట్టుకుని తీసిందని నేననను. కానీ ఇక్కడ పెరిగినవాళ్ళకి పక్షిని చంపడం ఉత్త పక్షిని చంపడంలా అనిపించకపోవచ్చు.

పాతరీలు | ఆదివారం సాయంత్రం 4:30

కథ ఉంది, ముగింపు కూడా.

రౌత్సి మొదట చెప్పిన ఆలోచనలో గుడ్డు పొదిగేది అబ్బాయట. బెర్గ్‌హోల్మ్ అమ్మాయిని చేద్దామంది. ఆ ఒక్క మార్పుతో సినిమా మొత్తం తల్లీకూతుళ్ళదైపోయింది. అబ్బాయి అయ్యుంటే ఇదొక మంచి రాక్షసి సినిమా అయ్యేది, ఈ చర్చ రెండు పోస్టులకే ఆగిపోయేది.

తిన్యాకి ఎవరి మీద కోపం వస్తే అల్లి వాళ్ళ మీద పడుతుంది. రాత్రంతా మొరిగే పక్కింటి కుక్క. పోటీలో తనకన్నా బాగా చేసే పక్కింటి రేత్తా. తనకి దక్కాల్సిన ముద్దంతా దక్కించుకుంటున్న తెరో పాప. మంచిపిల్ల అనిపించుకోవడానికి లోపలికి తోసేసిన కోపాలన్నీ కాళ్ళొచ్చి నడుస్తున్నాయి. నాకు గొంతు పట్టేసిన చోటు పోటీ దృశ్యం. తిన్యా, అల్లి ఇద్దరిలో ఒకళ్ళ నొప్పి ఇంకొకళ్ళకి తెలుస్తుంది కదా, అక్కడ అల్లి గొడ్డలెత్తి పాప మీదకి వెళుతోందని తెలిసి, తిన్యా బార్ మీంచి కావాలని చెయ్యి వదిలేస్తుంది. మణికట్టు విరుగుతుంది. అల్లి ఆగుతుంది. తల్లి కళ్ళముందే, తల్లి జీవితాశయం మీదే చెయ్యి వదిలేసింది. ఆ పిల్ల చేసిన ఒకే ఒక్క తిరుగుబాటు అది. ప్రేక్షకుల గ్యాలరీలో ఎవరికీ అది తిరుగుబాటని తెలియదు.

ఇక ఆఖరు. తల్లి కత్తి ఎత్తింది అల్లి మీద. అడ్డొచ్చింది తిన్యా. తిన్యా రక్తం చుక్కలుగా అల్లి నోట్లో పడుతుంది. అల్లి లేచి నిలబడి, తిన్యా ముఖంతో తల్లిని పిలుస్తుంది. అక్కడితో కట్. మీరేమంటారు? తల్లికి పడిన శిక్షా, దొరికిన బహుమానమా?

బొమ్మలాట | ఆదివారం సాయంత్రం 5:12

శిక్షే. హైక్కిలా ముఖంలో మొదటిసారి నవ్వు లేదు.

నిమ్మసోడా | ఆదివారం సాయంత్రం 5:20

నాకట్ల అనిపిస్తలేదు. రెండు రోజులు ఏడుస్తది. మూడో రోజు ఆ పిల్లకే జడేసి, గౌను తొడిగి, సోఫాల కూసోబెట్టి కెమెరా ఆన్ జేస్తది. చూసేటోళ్ళకు ఫరక్ తెల్వదు. లైకులు అన్నే వస్తయ్.

పాతరీలు | ఆదివారం సాయంత్రం 5:24

@నిమ్మసోడా, భయం ఏడుందన్న మనిషివి నువ్వేనా?

కర్నూలోడు | ఆదివారం సాయంత్రం 5:50

ఒప్పుకోను. బార్ మీద తిప్పు సూద్దాం ఆ పిల్లని. చేతులు చిట్లితే ఊరుకుంటుందా అది? తిన్యా మింగింది, ఇది మింగదు.

మంచుబండి | ఆదివారం రాత్రి 8:15

కొత్తగా చేరాను, మధ్యలో దూరినందుకు క్షమించాలి. ఇది నచ్చినవాళ్ళు వీళ్ళదే పాత సినిమా ‘వాల్కోయినెన్ పెవురా’ తప్పక చూడండి. ‘తెల్ల రెయిన్‌డీర్’ అని అర్థం. 1952 నాటి నలుపు తెలుపు సినిమా, గంటకి కాస్త పైన, అంతే. ఎరిక్ బ్లోమ్‌బెర్గ్ తీశాడు, ఆయన భార్య మిర్యామి కువోస్మనెన్ కలిసి రాసి, తనే నాయికగా చేసింది. ఉత్తరాన లాప్లండ్ మంచులో కథ. మొగుడు మందల వెంట నెలలకొద్దీ పోతుంటే ఒంటరితనం తట్టుకోలేక మంత్రగాడి దగ్గరికి వెళుతుంది. ఇంటికి పోయే దారిలో మొదట ఎదురైన ప్రాణిని బలి ఇమ్మంటాడు. ఎదురయ్యేది మొగుడు తనకి ముద్దుగా ఇచ్చిన తెల్ల రెయిన్‌డీర్ పిల్ల. అక్కణ్ణించి ఆమే తెల్ల జంతువుగా మారి, వేటాడ వచ్చిన మగవాళ్ళ ప్రాణాలు తీస్తుంది. 1953లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది, ఆ ఏడు జ్యూరీ పెద్ద ఫ్రెంచి కవి, దర్శకుడు జాఁ కోక్తో.

డెబ్బై ఏళ్ళ తేడా, రెండిట్లోనూ ఇంట్లో ఎవరూ పట్టించుకోని ఆడమనిషి, జంతువు. 

నిర్వాహకుడు | ఆదివారం రాత్రి 8:40

స్వాగతం. దీనికి వేరే చర్చ తెరవండి, అక్కడ మాట్లాడుకుందాం. నేనూ చూశాను, ఆ మంచు నాకు ఇంకా కళ్ళలో ఉంది.

ఇద్దరుపిల్లలతల్లి | సోమవారం రాత్రి 9:55

నిన్న మా పెద్దదానితో కూర్చుని మళ్ళీ చూశానండి. పదమూడేళ్ళ పిల్లకి ఇది చూపిస్తావా అని తిట్టకండి, కుక్క చోటు, గొడ్డలి చోటు ముందుకి లాగేశాను. కావాలనే చూపించాను. చూశాక ఏదో అంటుందని, బస్సులో మాట ఎత్తుతుందని ఎదురుచూశాను. నేనే ఎత్తుదామనుకున్నాను కూడా. నోరు రాలేదు.

అది మాత్రం చాలాసేపు దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, “అమ్మా, అల్లికి తిన్యా నమిలి పెడితేనే కదా తినడం వచ్చు? ఇప్పుడెవరు పెడతారు?” అంది.

నాకేం చెప్పాలో తెలియలేదు. పాలు కాచి ఇచ్చాను.

నిమ్మసోడా | సోమవారం రాత్రి 10:06

అక్కా, మూడు రోజుల నుంచి గింతమందిమి రాస్తున్నం, మాలో ఒక్కరికి తట్టలే ఈ సవాల్.

ఇద్దరుపిల్లలతల్లి | మంగళవారం ఉదయం 6:20

ఇవాళ అయిదింటికి లేపలేదు. అదే లేచింది. గజ్జెలు కట్టుకోకుండా హాల్లో ఒక్కతే అడవులు వేసుకుంటోంది. నేను వంటింట్లోనే ఉన్నాను, బయటికి రాలేదు.